నెత్తి మీది చేతులు

లింగమూర్తి తుపాకి తుడిచేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడరు. అది అతను పెట్టిన నియమమేమీ కాదు, తొమ్మిదేళ్ళుగా అలా నడిచిపోతోంది. పొద్దున్నే వాకిట్లో గోనెపట్టా పరుచుకుని, తుపాకిని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని, ఇనుప చువ్వకు పాత బనీను పేలిక చుట్టి, నూనెలో ముంచి గొట్టంలోకి దూర్చి లాగుతాడు. పేలిక మరక లేకుండా బయటికి వచ్చేదాకా వదలడు. ఆ తర్వాత చెక్క భాగాన్ని కొబ్బరినూనెతో రుద్దుతాడు. ఆ మెరుపు చూసి భార్య సారలమ్మ, "నా మెడల పుస్తె గుడ గింత మెరుస్తలేదు" అని ఎత్తిపొడుస్తుంది. లింగమూర్తి నవ్వడు. తుపాకి విషయంలో అతనికి నవ్వులాట పనికిరాదు.

ఒంటి గొట్టం తుపాకి అది. పట్టాళం నుంచి రిటైరై వచ్చాక లైసెన్సు తీసుకుని కొనుక్కున్నాడు. దాన్ని చూసే ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తీసే కాంట్రాక్టు క్యాంపువాళ్ళు గన్‌మన్‌గా పెట్టుకున్నారు. వాచ్‌మన్ వేరు, గన్‌మన్ వేరు. వాచ్‌మన్‌ని డ్రైవర్లు "అరే" అంటారు, గన్‌మన్‌ని "మూర్తన్నా" అంటారు. డీజిలు ట్యాంకుల దగ్గరా మెషిన్ల దగ్గరా ఇన్నేళ్ళు కాపలా కాశాడు గానీ ఒక్క తూటా పేల్చలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే చాలు, "నా తుపాకి ఇప్పటిదాంక ఒక్క మనిషిని బాధవెట్టలే" అని ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు.

ఆ గర్వం ఒక సోమవారం నాడు పోయింది. రెండు వేల తొమ్మిది, మార్చి నెల. ఎలక్షన్ల నోటిఫికేషన్ వచ్చి గోడల మీద రాతలకు సున్నం పూస్తున్న రోజులు.

క్యాంపు మేనేజరు భీమశంకరం ఆ పొద్దున అతన్ని పిలిపించాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడని అనలేం. గన్‌మన్‌ని నిలబెట్టి మాట్లాడడు, కుర్చీ చూపిస్తాడు, తను టీ తాగితే ఎదుటివాడికీ పోయిస్తాడు.

"చూడు లింగమూర్తీ, మట్టిగుట్ట వెనకాల ఆ గుడిసెలున్నాయే, అవి శుక్రవారానికల్లా ఖాళీ అవ్వాలి. గని మట్టి డంపింగు అటు తిప్పుతున్నాం. నువ్వోసారి వెళ్ళి మాట చెప్పిరా."

"ఎటు పొమ్మని చెప్పాలె సార్?"

"అది మనకెందుకయ్యా? వచ్చిన దారి వాళ్ళకి తెలుసుగా."

వచ్చిన దారి అందరికీ తెలిసిందే. అటు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో రెండు దిక్కులా తుపాకులు లేచి, ఊళ్ళకు ఊళ్ళు కాలిపోతుంటే, ఇంద్రావతి దాటి వచ్చిన కోయవాళ్ళు వాళ్ళు. మంథని వైపు మిరప తోటల్లో కాయ ఏరడానికి కూలికి వచ్చి, తిరిగి వెళ్ళడానికి ఊరు లేక ఇక్కడే ఆగిపోయారు. బొగ్గు మీది మట్టి తవ్వి పోసిన గుట్టకు అవతల పదకొండు గుడిసెలు వేసుకున్నారు. రోడ్డు మీద దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లే ట్యాంకరు నింపుకునే చోట పైపు కారుతుంది. ఆ కారే నీళ్ళు పట్టుకుని బతుకుతున్నారు.

లింగమూర్తి తుపాకి భుజాన వేసుకుని గుట్ట చుట్టి వెళ్ళాడు. అందులో ప్రత్యేకం ఏమీ లేదు. డ్యూటీలో ఉన్నప్పుడు తుపాకి భుజాన ఉంటుంది, అంతే. మొదట అతన్ని చూసింది ఒక నడివయసు ఆడమనిషి. నీళ్ళకుండ నెత్తిన పెట్టుకుని వస్తోంది. ఆగింది. కుండను రెండు చేతులతో దించి, చుక్క ఒలకకుండా నేల మీద కుదురుగా పెట్టి, తను గొంతుక్కూర్చుని, చేతులు రెండూ నెత్తి మీద పెట్టుకుంది.

లింగమూర్తికి అర్థం కాలేదు. ఈలోగా గుడిసె ముందు గంప అల్లుతున్న ముసలాయన కూర్చున్నాడు, చేతులు నెత్తి మీదికి పోయాయి. పొయ్యి దగ్గర ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు కూర్చున్నారు. గుడిసెల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చి కూర్చున్నారు. ఎవరూ అరవలేదు, పరుగెత్తలేదు, ఏడవలేదు. చిట్టచివర నాలుగేళ్ళ ఆడపిల్ల, గుప్పిట నిండా ఇప్పపువ్వు పట్టుకుని ఆడుకుంటున్నది, తల్లి వైపు ఒకసారి చూసి తానూ కూర్చుంది. చేతులు నెత్తి మీద పెట్టుకోవడంతో గుప్పిట్లోని పువ్వంతా జుట్టులోకి జారింది.

పదిహేడేళ్ళ పట్టాళం నౌకరీలో మనుషుల్ని అట్లా కూర్చోబెట్టడం లింగమూర్తికి తెలియని పని కాదు. చెబితే కూర్చునేవాళ్ళు. చెప్పకుండానే కూర్చున్నవాళ్ళను మాత్రం అతను ఎన్నడూ చూడలేదు.

"లెవ్వుండ్రి" అన్నాడు. ఎవరూ లేవలేదు. "నేనేం జెయ్య. లెవ్వుండ్రి" అన్నాడు మళ్ళీ. తుపాకిని భుజం మీంచి తీసి వీపు వెనక్కి తిప్పుకున్నాడు. దాంతో ఇంకా బిగుసుకుపోయారు. పొయ్యి మీద జావ పొంగి కట్టెల మీద పడి చుయ్యిమంది. మంట ఆరిపోతుంటే పక్కనే ఉన్న ఆడమనిషి కంటితో చూసింది గానీ చెయ్యి దించలేదు.

గంప అల్లే ముసలాయన పేరు ఉంగ. మిరప తోటల్లో నాలుగు తెలుగు ముక్కలు నేర్చినవాడు. నేల వైపే చూస్తూ అడిగాడు.

"ఏ దినం పోవాలె, దొరా?"

లింగమూర్తి అప్పటికి పొమ్మని నోరెత్తి చెప్పనేలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. "శుక్రారం" అనే మాట నోట్లోంచి దానంతటదే ఊడిపడింది. ఆ మాట విని అతనికే అసహ్యం వేసింది. వెనక్కి తిరిగి, గుట్ట మలుపు దాటేదాకా తల తిప్పి చూడలేదు. తను కనిపించినంతసేపూ వాళ్ళు చేతులు దించరని అతనికి తెలుసు.

క్యాంపులో సంగతంతా విన్న భీమశంకరం ఊపిరి పీల్చుకున్నాడు.

"అంత తేలిగ్గానా! నేనింకా గొడవ చేస్తారేమో అనుకున్నా. పోలీసుల్ని అడిగితే ఎలక్షన్ డ్యూటీలు, మేలో చూద్దాం అన్నారు. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది." సొరుగులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "లైసెన్సు తుపాకులన్నీ బుధవారానికల్లా స్టేషన్‌లో జమ చెయ్యమన్నారు కదా, నీకు మినహాయింపు తెప్పించాను. ఉంచుకో."

లింగమూర్తి కవరు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. లేవలేదు.

"సార్, వాళ్ళను లేపెటందుకు మన తాన కాయితం ఉన్నదా?"

"కాగితాలు వాటి దారిన అవి వస్తాయయ్యా. నువ్వు శుక్రవారం పక్కన నిలబడు, చాలు. పేల్చమనటం లేదుగా."

పేల్చమనటం లేదు. తొమ్మిదేళ్ళుగా తను చెప్పుకుంటున్నదీ అదే మాట. భీమశంకరం నోట వింటే ఎంత రోతగా ఉందో.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు. వాళ్ళుండేది పునరావాస కాలనీలో. ఓపెన్‌కాస్టు కింద పోయిన మొగిలికుంట ఊరివాళ్ళకు వరుసగా గీతలు గీసి ఇచ్చిన ప్లాట్లు. సారలమ్మ కంచం వైపు చూసి, మనిషి వైపు చూసి, ఏమైందని అడిగింది. అతను చెప్పాడు. కుండ ఒలకకుండా దించడం, జావ పొంగడం, పిల్ల జుట్టులో ఇప్పపువ్వు, అన్నీ చెప్పాడు. అంత పొడుగ్గా అతను మాట్లాడటం ఆమె ఏనాడూ వినలేదు.

"మన ఊరు లేపిన్నాడు నువ్వు పట్టాలంల ఉంటివి" అంది సారలమ్మ. "నీకు ఎన్నడు చెప్పలే. ఆఫీసరు జీపు దిగిండు, మంచిగనే మాట్లాడిండు. ఆయన పక్కపొంటి ఒక జవాను తుపాకి వట్టుకొని నిలవడ్డడు. ఏమన్లే పాపం, ఊకెనే నిలవడ్డడు. మీ నాయిన కాయితం సూపెట్టుమందామని నోరు తెరిసిండు. ఆ తుపాకి దిక్కు సూసిండు, నోరు మూసుకున్నడు. సచ్చేదాంక గదే యాది జేస్కునేది ముసలాయిన. అడగకపోతిని, అడగకపోతిని అని."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు గుడ తుపాకి వట్టుకునే నౌకరిల ఉంటివి. ఏమని చెప్పుదు?"

లింగమూర్తి కంచంలో చెయ్యి కడిగేశాడు. నాయన ఎందుకు తన ఒంటి మీది యూనిఫాం వైపు ఎప్పుడూ సరిగ్గా చూసేవాడు కాదో, చచ్చిపోయిన ఆరేళ్ళకు అర్థమైంది.

"రేపు పొయ్యి తుపాకి స్టేషన్ల పెట్టస్త."

"నౌకరి?"

"పోతది."

"దీప కాలేజి ఉన్నది." దీప వాళ్ళ కూతురు, గోదావరిఖనిలో నర్సింగు చదువుతోంది.

"ఎరికే."

సారలమ్మ కంచం తీసింది. గిన్నెలతో కాస్త గట్టిగానే చప్పుడు చేసింది. వద్దని మాత్రం అనలేదు.

మంగళవారం స్టేషన్ వరండాలో జాతరలా ఉంది. మండలంలోని తుపాకులన్నీ అక్కడే ఉన్నాయి. దొరల తుపాకులు, కాంట్రాక్టర్ల తుపాకులు, దుప్పట్లలో చుట్టినవి, తోలు సంచుల్లో పెట్టినవి, తుప్పు పట్టి గొట్టం మూసుకుపోయినవి. హెడ్డు కానిస్టేబులు సదయ్య అట్టముక్కల మీద పేర్లు రాసి, సుతిలి తాడుతో ఒక్కొక్క తుపాకికీ కట్టి గోడకు ఆనిస్తున్నాడు. లింగమూర్తిని చూసి కలం ఆపాడు.

"నువ్వెందుకొచ్చినవే మూర్తన్నా? నీకు మినహాయింపు ఉన్నదని మీ సారు ఫోన్ జేసిండు."

"ఉన్నది. నేను వాడుకోను. రాసుకో."

సదయ్య తుపాకి అందుకుని గొట్టం వంచి చూశాడు. "అద్దం లెక్క వెట్టుకున్నవ్ గదనే" అని మెచ్చుకుని, ఆరు తూటాలూ లెక్కపెట్టి అట్టముక్క కట్టాడు.

"ఇవన్ని ఎందుకు జమ జేసుకుంటున్నరు సదన్నా?" అన్నాడు లింగమూర్తి. తెలియక అడిగింది కాదు.

"ఎందుకేంది? ఓటేసేటోళ్ళు భయపడొద్దని."

"ఓటు లేనోళ్ళు భయపడితె ఏం గాదా?"

సదయ్య తలెత్తి చూశాడు. వెనకాల వరుసలో ఇరవై మంది ఉన్నారని గుర్తొచ్చి, రిజిస్టరు ముందుకు తోసి, "సంతకం వెట్టు. ఎలక్షన్లు అయినంక వచ్చి తీస్కపో" అన్నాడు.

"సూద్దాం" అన్నాడు లింగమూర్తి.

తిరిగి వస్తుంటే కుడి చెయ్యి మాటిమాటికీ భుజం మీదికి పోతోంది, జారే పట్టీని సర్దడానికి. అక్కడ పట్టీ లేదు. చేతిని ఏం చెయ్యాలో తెలియక జేబులో పెట్టుకున్నాడు. అయినా ఒళ్ళు తేలిగ్గా అనిపించింది. ఆ ఊపులోనే నేరుగా గుడిసెల వైపు నడిచాడు. తుపాకి లేదు కదా, మనిషి మనిషితో మాట్లాడొచ్చు అనుకున్నాడు పిచ్చివాడు.

ఆ చిన్నపిల్లే ముందు చూసింది. కూర్చుంది. చేతులు నెత్తి మీద పెట్టుకుంది. లింగమూర్తి తన ఒంటి వైపు చూసుకున్నాడు. ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, నడుముకు తూటాల్లేని బెల్టు. ఒక్క మాట మాట్లాడకుండా వెనక్కి తిరిగాడు.

బుధవారం డ్యూటీకి పోలేదు. పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరుతుంటే సారలమ్మ చెప్పులు తొడుక్కుంది.

"నేను గుడ వస్త. మొగోన్ని ఒక్కన్నే సూస్తె మల్ల కూసుంటరు."

కూర్చోలేదు. కానీ ఎక్కడి వాళ్ళు అక్కడ బిగుసుకుని నిలబడ్డారు. సారలమ్మ అదేమీ పట్టించుకోకుండా పోయి, నీళ్ళకుండ ఆడమనిషి ముందు చతికిలబడింది. ఆమె పేరు హిడ్మె, చిన్నపిల్ల దేవె ఆమె బిడ్డే. హిడ్మె ఎండిన ఇప్పపువ్వు చేటలో పోసి చెత్త ఏరుతోంది. సారలమ్మ చేటను తన వైపు లాక్కుని తానూ ఏరసాగింది. కాసేపు ఇద్దరి వేళ్ళూ ఒకే చేటలో తిరిగాయి. ఈ ఆడదానికి పట్టాళంలో ఉద్యోగం ఇవ్వాల్సిందని లింగమూర్తి అనుకున్నాడు.

అతను ఉంగ పక్కన కూర్చున్నాడు.

"శుక్రారం డంపర్లు వస్తయి. మీరు లేవద్దు. కాయితం అడుగుండ్రి. ఈ జాగల కెళ్ళి మిమ్ముల లేపమని రాసిన కాయితం ఉంటె సూపెట్టుమనుండ్రి."

ఉంగ తల అడ్డంగా ఊపాడు. "మేం అడిగితె కొడ్తరు."

"తుపాకులన్ని స్టేషన్ల ఉన్నయి. ఎలక్షన్లు అయ్యేదాంక ఎవ్వల తాన ఉండయి. అడిగేదుంటె ఇప్పుడే అడగాలె."

"నువ్వు?"

"మీ ముంగట కూసుంట."

ఉంగ అతని పంచె వైపు, ఖాళీ భుజం వైపు చూశాడు. నమ్మాడని చెప్పలేం. కానీ తనవాళ్ళ వైపు తిరిగి వాళ్ళ భాషలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటకు వాళ్ళ దగ్గర మాట లేదో ఏమో, మధ్య మధ్య "కాయితం" అనే వినిపించింది. హిడ్మె చేటలోంచి తలెత్తకుండా వింటోంది.

గురువారం పొద్దున లింగమూర్తి స్టేషన్ రసీదు, కవరు, మడత పెట్టిన ఖాకీ బట్టలు తెచ్చి భీమశంకరం బల్ల మీద పెట్టాడు. భీమశంకరం రసీదు రెండుసార్లు చదివాడు.

"నీకేమన్నా మతిపోయిందా? గన్ను లేకపోతే నువ్వెందుకయ్యా నాకు?"

"అందుకే బట్టలు గుడ తెచ్చిన సార్."

"రేపటికి ఇంకో మనిషిని తెచ్చుకోలేననుకున్నావా?"

"మనిషి దొరుకుతడు సార్. తుపాకి దొరకది."

భీమశంకరం ముఖం ఎర్రబడింది. తర్వాత ఆ ఎరుపు దిగిపోయి, అలసట మిగిలింది. పైనుంచి తనకూ ఫోన్లు వస్తున్నాయని, రోజుకు ఇన్ని ట్రిప్పులని లెక్క అని, ఆ గుడిసెల మీద తనకేమీ పగలేదని చెప్పుకొచ్చాడు. అది అబద్ధం కాదని లింగమూర్తికి తెలుసు. అయినా నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాడు. గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటు కొద్దీ లేచి నిలబడితే, "కూసో తమ్మీ" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం రెండు దాటాక మొదటి డంపరు గుట్ట మలుపు తిరిగింది. లోడు నిండా మట్టి. నడుపుతున్నది జైపాల్, మొగిలికుంట పిల్లవాడే, కాలనీలో మూడో వరుస ఇల్లు. గుడిసెలకు యాభై గజాల ముందు, బాటకు అడ్డంగా, పంచె కట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. జైపాల్ బ్రేకు తొక్కి కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

"కాకా! గిదేంది? లెవ్వే, నా నౌకరి తియ్యకు!"

"నీ నౌకరి నువ్వు జేస్కో బిడ్డా. నేను కూసున్న, గంతే."

"నీ మీదికెల్లి తోల్కపోవాల్నా?"

"మీ తాత గుడ మొగిలికుంటల గిట్లనే కూసుందామనుకున్నడు. కూసోనియ్యలే."

జైపాల్ తల లోపలికి తీసుకున్నాడు. ఇంజను ఆపేశాడు. వెనకే వచ్చిన భీమశంకరం జీపు దిగగానే, "బ్రేకు సక్కగ పడుతలేదు సార్" అని ముఖం ఎటో పెట్టుకుని చెప్పాడు.

భీమశంకరం లింగమూర్తిని దాటి ముందుకు నడిచాడు. గుడిసెల ముందు కోయవాళ్ళంతా బయటికి వచ్చి ఉన్నారు, పిల్లలతో కలిపి నలభై మంది దాకా. సారలమ్మ హిడ్మె పక్కన నిలబడి ఉంది.

"చెప్పాం కదా శుక్రవారమని! ఇంకా సర్దుకోలేదేం?" అని గొంతు పెంచాడు.

సరిగ్గా అప్పుడే గనిలో సైరన్ మోగింది. రోజూ మోగేదే. ఆ వెంటనే బ్లాస్టింగు. కాళ్ళ కింద నేల అదిరింది, డంపరు మీది మట్టి గలగలా రాలింది. ఆ చప్పుడుకు గుడిసెల ముందు మనుషులంతా ఒక్కసారిగా గొంతుక్కూర్చున్నారు. చేతులు నెత్తి మీదికి పోయాయి. అయిపోయింది, మొత్తం అయిపోయింది అనుకున్నాడు లింగమూర్తి. లేచి వాళ్ళ దగ్గరికి పోవాలనిపించింది. కానీ కూర్చుంటానని మాటిచ్చాడు. కూర్చునే ఉన్నాడు.

భీమశంకరం కూడా ఆ దృశ్యం మొదటిసారి కళ్ళారా చూస్తున్నాడు.

హిడ్మె ముందుగా తన చేతులు దించింది. ఎవరూ చెప్పలేదు. ఒక చెయ్యి దించి, ఒక క్షణం ఆగి, ఏమీ జరగకపోతే రెండోది దించింది. పక్కన దేవె కళ్ళు గట్టిగా మూసుకుని, వేళ్ళు జుట్టులోకి దిగేలా పట్టుకుని ఉంది. హిడ్మె బిడ్డ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, ఆ రెండు చేతులూ నెత్తి మీంచి దించి తన ఒళ్ళో పెట్టుకుంది. దేవె కళ్ళు తెరిచింది.

అప్పుడు హిడ్మె తలెత్తి భీమశంకరం ముఖంలోకి చూసింది.

"కాయితం?" అంది.

ఆమె నోట వాళ్ళు విన్న మొదటి తెలుగు మాట అది. భీమశంకరం అర్థం కానట్టు లింగమూర్తి వైపు తిరిగాడు. లింగమూర్తి కదల్లేదు. వెనక ఉంగ తన చేతులు దించాడు. పొయ్యి దగ్గరి ఆడమనిషి దించింది. చూస్తుండగా ఒక్కొక్కరే దించారు.

"కాయితం ఉన్నదా?" అని హిడ్మె మళ్ళీ అడిగింది, ఈసారి మొత్తం.

భీమశంకరం చెయ్యి అనుకోకుండా చొక్కా జేబు మీదికి పోయింది. జేబులో పెన్ను మాత్రమే ఉంది.

"తెస్తాను" అన్నాడు. గొంతు పెద్దగా లేదు.

జీపు వెళ్ళిపోయింది. జైపాల్ ఇంజను స్టార్టు చేసి, బ్రేకు సంగతి మరిచిపోయి, డంపరును చక్కగా వెనక్కి తిప్పుకున్నాడు. లోడు దించలేదు. లింగమూర్తి మాత్రం ఇంకా అక్కడే కూర్చున్నాడు, కాగితం వచ్చేదాకా లేచేది లేదని.